ఏడు నుంచి ఏడు దాకా

పొద్దున ఏడింటిది పారబోయాలి.
అది నిన్నటిది, లెక్కలోకి రాదు
అని నర్సు షివాన్ రెండుసార్లు చెప్పింది.
ఆ తర్వాత పడే ప్రతి చుక్కా
ఈ నారింజ రంగు జాడీలోకి,
రేపు ఏడింటి దాకా.

సెలవు దొరకలేదు.
జాడీని మంచుగడ్డల సంచీలో కుక్కి
నా లైబ్రరీ వ్యాన్‌లో, సీటు వెనక,
గొర్రెల పెంపకం పుస్తకాల పక్కన దాచాను.
డింగిల్ దాటాక దారి సముద్రం అంచునే పోతుంది.
ప్రతి మలుపులో గళక్ గళక్.
బ్యాలీఫెరిటర్ హాలు తాళంచెవి అడిగి తీసుకుని
కోటు కింద జాడీతో, దొంగసొత్తు మోసినట్టు,
పేకాట ఆడుతున్న అవ్వల మధ్య నుంచి నడిచాను.
ఒకావిడ తల ఎత్తి
వానెప్పుడు తగ్గుతుందే అని అడిగింది. నన్నే.

నేను పుట్టిన నెలలో మా అమ్మ
నా నుదురు ముద్దాడి, పెదాలు నాక్కుని
ఉప్పన అనుకుందట.
కడలి పక్క కాపురం, గాలికే ఉప్పు అంటుతుందిలే అనుకుందట.
మూడేళ్లకి తమ్ముడు ఫియాక్రాను ముద్దాడి
ఏమీ అనుకోలేదు.
లేచి కోటు తొడుక్కుంది, ఆసుపత్రి బస్సు కోసం.

సిస్టిక్ ఫైబ్రోసిస్.
ఇరవై దాటితే గొప్ప అన్నారు అప్పట్లో.
పొద్దునా రాత్రీ కఫం కదలాలని
అమ్మ మా వీపుల మీద దరువేసేది.
ఇంట్లో మాటంతా ఊపిరితిత్తులదే.
ప్రతి చలికాలం రెండు వారాలు
నరంలోకి టోబ్రామైసిన్, చెవుల్లో కీచురాళ్లు.
అంతసేపూ వెనకగదిలో రెండు మూత్రపిండాలు
చిక్కుడు గింజలంత వినయంగా
వచ్చిందల్లా వడగట్టాయి.
ఒక్కసారి దగ్గలేదు.

ఇప్పుడు కొత్త మాత్రలొచ్చాయి.
మెట్లెక్కి కూడా మాట్లాడగలను.
నాకు నలభై మూడు.
పోయిన నెల చిన్న సీసాలో పట్టి ఇచ్చినదాంట్లో
ఉండకూడని ప్రోటీన్ జాడ, గోరంత.
రక్తంలో క్రియాటినిన్ బాగుంది కదా అన్నాను.
ఒంట్లో కండ తక్కువైన వాళ్ల దగ్గర
అది మర్యాద కోసం అబద్ధమాడుతుందట.
చాప కింద నీరు.
నాకైతే అది అక్షరాలా నీరే.

డన్‌క్విన్ దగ్గర వ్యాన్ ఎక్కి
టైగ్ అనే బుడతడు సంచీ చూశాడు.
ఏముంది అందులో?
ఒక రోజు, అన్నాను.
నిండిందా?
సగం.
సరేనని తలూపి తిమింగలాల పుస్తకం పట్టుకుపోయాడు,
పోయినసారిది తిరిగివ్వకుండానే.

రాత్రి మూడింటికి మెలకువ.
చీకట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే
పాల పక్కన జాడీ, దీపం ముందు కూర్చున్న ముసలాయనలా.
ఫియాక్రా పందొమ్మిదిలో పోయాడు.
వాడి మూత్రపిండాల సంగతి
ఎవరూ ఒక్క మాట అడగలేదు.
అంత దూరం ఆలోచించే తీరిక ఎవరికుంది?
మొన్న షివాన్ అంది, ఇవి వయసు మీద పడ్డవాళ్ల దిగుళ్లు అని.
ఓదార్పుగా కాదు, మామూలుగా,
చేతి తొడుగులు విప్పుకుంటూ.
భయపడవలసిన చోట
నాకు సిగ్గులేకుండా, లోలోపల,
కాస్త గొప్పగా అనిపించింది.
తర్వాత భయమూ వేసింది. అది వేరే సంగతి.

ఏడుకి ఐదు నిమిషాలు.
ఇది మాత్రం లెక్కలోకి వస్తుంది.
కిటికీకి వాన.
మూత బిగించి, తడి తుడిచి
చీటీ మీద పేరు రాశాను, డర్వ్‌లా,
పుట్టిన తేదీ, మొదలైన గంట.
ముగిసిన గంట అన్న గడి దగ్గర
కలం ఆగింది. ఇంకు అయిపోయి.
విదిలించాను, రెండుసార్లు.
రాశాను: ఏడు.